రెండో సాక్షి

మా బావగారు న్యాయమూర్తి పదవి నుంచి విరమించారే తప్ప తీర్పులు ఇవ్వడం నుంచి విరమించలేదు. పూర్వం ఆయన ఎదుటికి మనుషులు వచ్చేవారు; ఇప్పుడు పక్షులు వస్తున్నాయి. నాకు కనిపించిన తేడా అంతే.

ఆయన సతీమణి నా సొంత చెల్లెలు. మా ఇళ్ళు పక్కపక్కనే. నడుమ గోడకు ఒక చిన్న గేటు ఉన్నది. నా భార్య కాలం చేసిన తరువాత ఆ గేటుకు గడియ వేయడం మా చెల్లెలు మాన్పించింది. అప్పటి నుంచి నా ఉదయపు ఫలహారం, పత్రికా పఠనం, బావగారితో వాదోపవాదం మూడూ వారి భోజనాల బల్ల దగ్గరే జరుగుతున్నాయి. నేను వంతెనల శాఖలో ప్రధాన ఇంజినీరుగా పనిచేశాను. "కదలనివాటితో బతికినవాడివి, ఎగిరేవాటి సంగతి నీకేం తెలుస్తుందోయ్!" అనేది బావగారి నిత్యారోపణ. వంతెన కదలదని ఆయన అభిప్రాయం. ప్రతి వంతెనా పిసరంత కదులుతుందనీ, కదలనివ్వకపోతే విరుగుతుందనీ ఎన్నోసార్లు విన్నవించాను. ఆయన రికార్డుకు ఎక్కించుకోలేదు.

మా వీధి చివర పెద్ద ఉద్యానవనం ఉన్నది. పక్షులను చూసేవారం, ఫోటోలు తీసేవారం కొందరం ప్రతి ఆదివారం ఉదయం అక్కడ కలుస్తాము. తోటమాలుల పనిముట్ల గదిని ఆనుకొని ఉన్న హాలు మాకు ఇచ్చారు. ఆ ఉద్యానవనానికీ, చుట్టుపక్కల ఇళ్ళ పెరళ్ళకూ వచ్చిన పక్షుల చిత్రపటాలు ఆ హాలు గోడల నిండా ఉంటాయి. జాతికి ఒక్క పటం. గోడ మీద చోటు దొరకడానికి బావగారు ఒక నియమం విధించారు. ఫోటో ఉండాలి, లేదా ఇద్దరు ఒకేసారి కలిసి చూసి ఉండాలి. ఫోటో లేక, సాక్షులు మాత్రమే ఉన్న పక్షికి ఖాళీ చట్రం తగిలిస్తాము. లోపల నల్ల కాగితం, కింద పక్షి పేరు, చూసిన ఇద్దరి పేర్లు. ఎవరైనా ఫోటో తీసిన రోజున ఆ చట్రం నిండుతుంది.

సాక్షులను బావగారు విడివిడిగా విచారించేవారు. "ఇద్దరూ పొల్లు పోకుండా ఒకటే చెప్పారంటే ఎవరో నేర్పారన్నమాట. నిజంగా చూసినవాళ్ళు ఎక్కడో ఒకచోట తేడా పడతారు" అనేది ఆయన సిద్ధాంతం. మా దంతవైద్యురాలు, చెప్పుల దుకాణం యజమాని కలిసి ఒక గుడ్లగూబను చూశారు. ఆ యజమానిని మేమంతా బూట్ల బాబాయి అంటాము. గుడ్లగూబ ఏ కొమ్మ మీద కూర్చున్నదనే విషయంలో వారికి నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఆ కారణం చేతనే వారి గుడ్లగూబను ఆయన తక్షణం అంగీకరించారు. ఆ నల్ల చట్రం మీద దుమ్ము పడనివ్వరు డాక్టరమ్మగారు.

నిండిన పటాలలో అధికభాగం బావగారివే. ఆయన మంచి ఛాయాగ్రాహకులు, ఆ మాట ఒప్పుకోవలసిందే. అయితే వాటిలో చాలావరకు వారి పెరటిలో తీసినవి. వారి వంటింటి కిటికీ పెరటివైపు తెరుచుకుంటుంది. ఎదురుగా ఒక కుళాయి, దాని కింద రాతి తొట్టి, తొట్టిలో ఎప్పుడూ కాస్త నీరు. పిట్టలకు అది స్నానఘట్టం. మా చెల్లెలు కూరలు తరుగుతూనో గిన్నెలు సర్దుతూనో ఆ కిటికీలో నుంచి చూసేది. కొత్త పిట్ట వాలితే "ఏమండీ" అని పిలిచేది. అరుపు కాదు, పక్కగదికి సరిగ్గా చాలినంత గొంతు. ఆ ఒక్క మాటలోనే, పిట్ట తీరికగా ఉన్నదో, తొందరలో ఉన్నదో కూడా చెప్పేది. బావగారు కెమెరా పుచ్చుకుని పిల్లిలా వెళ్ళేవారు. పటం కింద "ఛాయాచిత్రం: జడ్జిగారు" అని పడేది. ముందు చూసింది ఎవరు అన్న ప్రశ్న నాకు గానీ, ఇంకెవరికి గానీ తట్టలేదు.

నిరుడు చలి మొదలయ్యే రోజులలో బావగారు పన్ను చూపించుకోవడానికి వెళ్ళారు. ఆ వేళ మా చెల్లెలు ఒక్కతే కిటికీ దగ్గర ఉండగా తొట్టి మీద ఒక పిట్ట వాలింది. సాధారణంగా మా ఆదివారపు సమావేశాలకు రాని మనిషి, ఆ వారం ఫ్లాస్కు నిండా టీ పోసుకుని, మంచి చీర కట్టుకుని మరీ వచ్చింది.

"నల్లటి తల, దాని మీద కుచ్చు. ఒళ్ళంతా తెలుపు. తోక చూడాలి! రెండు తెల్ల రిబ్బన్లు, ఒంటికి రెండింతలు. ఇలా మునిగి అలా లేచింది" అని చేతులు తిప్పుతూ చెప్పింది.

డాక్టరమ్మగారు కుర్చీలోంచి లేచిపోయారు. "అమ్మా, అది తోకపిగిలి పిట్ట! మగది! దారిన పోతూ ఏడాదికోసారి ఇటు దిగుతుందని చదవడమే గానీ మనలో ఎవరం చూడలేదు."

"ఫోటో ఉందా?" అని బావగారు అడిగారు.

"కెమెరా మీ మెళ్ళో ఉంది. పళ్ళ డాక్టరు దగ్గరికి కెమెరా ఎందుకండీ అన్నాను, విన్నారా?"

"రెండో సాక్షి?"

"ఎందుకు లేరు? నేను పిట్టని చూశాను, పిట్ట నన్ను చూసింది. ఇద్దరం ఉన్నాం."

అందరూ నవ్వారు. బావగారు నవ్వలేదు. "పిట్ట సాక్షి కాదు, వివాదాంశం. ఒక్కరు చూసింది లెక్కకు రాదు."

బూట్ల బాబాయి ఉండబట్టలేక, "జడ్జిగారూ, అమ్మగారు అబద్ధం చెప్తారా అండీ?" అన్నాడు.

"చెప్పదు. కానీ ఆమెకని సడలిస్తే రేపు మీరు మీ ఆవిడని తీసుకొస్తారు."

"మా ఆవిడ కాకిని కూడా గుర్తుపట్టదండీ!"

"నా భయం అదే." ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. "పైగా ఈమె నా భార్య. మిగతావాళ్ళకంటే ఒకపాలు ఎక్కువ కఠినంగానే ఉండాలి" అన్నారు.

న్యాయమూర్తిగా అది ఆయన నిజాయితీ. ఆ నిజాయితీ వలననే మేము ఆయనను గౌరవిస్తాము. మా చెల్లెలు మాత్రం "సరేనండీ" అన్నది. అందరికీ టీ పోసి, ఫ్లాస్కు మూత బిగించి ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె "సరే"లో ఎంత బరువు ఉంటుందో, చిన్నతనంలో ఆమె జడ లాగిన నాకు బాగా తెలుసు. బావగారికి తెలియదు. ఆయన ఎన్నడూ ఆమె జడ లాగలేదు.

ఆ తరువాత ఇంట్లో అలకలూ అరుపులూ ఏమీ లేవు. ఫలహారాలు వేళకు వచ్చాయి, చొక్కాలు ఇస్త్రీ అయ్యాయి, ఇద్దరూ సాయంత్రాలు వరండాలో పక్కపక్కనే కూర్చున్నారు. బావగారి ఫోటోలు మాత్రం తగ్గిపోయాయి. మొదట ఎదురింటి పిల్లిని అనుమానించారు. ఆ పైన వీధి మలుపులో కడుతున్న మేడను దోషిగా నిర్ణయించారు. నేను బిగ్గరగా పత్రిక చదవడం కూడా అభియోగపత్రంలో చేరింది.

"మన పెరటికి పిట్టలు రావడం మానేశాయోయ్ ఇంజినీరూ" అనేవారు, దిగులుగా.

ఈ ఏడు మళ్ళీ గాలి చల్లబడుతున్న రోజులలో, ఒక ఉదయం నా కాఫీ నేనే తెచ్చుకుందామని వంటింటిలోకి వెళ్ళాను. మా చెల్లెలు చేతిలో గరిటె అలాగే పట్టుకుని, కిటికీలో నుంచి చూస్తూ తనలో తాను నవ్వుకుంటున్నది. బట్టల తీగ కట్టిన స్తంభం మీద ఒక లకుముకి పిట్ట, నీలిరంగు అంతా తనకే ధారాదత్తం చేసినట్టు కూర్చుని ఉన్నది.

"ఇదేమిటే, బావగారిని పిలవవేం?"

"ఎందుకన్నయ్యా? ఒక్కదాన్నే చూస్తే లెక్కకు రాదుగా."

"పిలిస్తే ఇద్దరవుతారుగా!"

"భార్యనాయె. నా పిలుపు కూడా చెల్లదేమో" అని, గరిటె కడిగి బోర్లించింది. "ఏడాదిగా ఎన్ని వచ్చాయనుకున్నావు! నిన్న వచ్చినదానికి బొట్టు పెట్టినట్టు ఎర్రటి గొంతు. ముద్దొచ్చింది."

నేను కాఫీ మరచిపోయి బయటికి వచ్చాను. బావగారు బల్ల దగ్గర కెమెరా కటకాలు తుడుచుకుంటున్నారు.

"బావగారూ, మీ పెరటికి పిట్టలు రావడం మానలేదు. మా చెల్లెలు మిమ్మల్ని పిలవడం మానేసింది."

ఆయన కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. "ఎప్పటినుంచి?"

"నిరుడు ఆ తోకపిగిలి తీర్పు నుంచి."

"ఇప్పుడేమైనా వచ్చిందా?"

"లకుముకి వచ్చింది. నేను చూశాను."

"నీతో పాటు ఇంకెవరైనా..." అని, అక్కడే ఆగిపోయారు. కాసేపు గుడ్డతో శుభ్రంగా ఉన్న కటకాన్నే తుడిచారు. చివరకు నెమ్మదిగా అన్నారు: "ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోందని అనుకుంటూనే ఉన్నాను. నా చెవులు పోతున్నాయేమోననుకున్నాను. చెవి డాక్టరు దగ్గర వచ్చే వారానికి పేరు కూడా రాయించాను."

ఆయన అంత చిన్నబోయి ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. "వెళ్ళి దానితో ఒక్క మాట చెప్పండి" అన్నాను.

"ఏమని? తీర్పు తప్పు కాదు. తప్పని అబద్ధం చెప్తే అది ఇంకా కోప్పడుతుంది."

"మరి మళ్ళీ పిలవాలంటే?"

"కొత్త సాక్ష్యం కావాలి" అన్నారు బావగారు. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. నా గుండెలో రాయి పడింది. "ఆ పిట్ట వచ్చే రోజులివే. ఫోటో తీస్తాను. తీసి, మీ చెల్లెలు చెప్పింది నిజమని గోడ మీద పెడతాను. అప్పుడు పిలుస్తుంది. పిలవదూ?"

మరునాటి ఉదయానికి పెరటిలో డేరా వెలిసింది. నాలుగు కర్రలు, వాటి మీద ఒక పూల దుప్పటి, దుప్పటికి కెమెరా పట్టేంత రంధ్రం. లోపల మడతకుర్చీ మీద మా బావగారు, కళ్ళలో వత్తులు వేసుకుని. ఛాయాగ్రాహకులు పక్షికి కనబడకుండా దాక్కోవడానికి ఇటువంటివి కట్టుకోవడం మామూలే. అయితే తొట్టి బాగా దగ్గరగా కనబడాలని, ఆయన దానిని తొట్టి అంచుకే ఆనించి కట్టారు.

మా చెల్లెలు వంటింటి గుమ్మంలో నిలబడి, ఆయనకు వినబడేటట్లు నాతో మాట్లాడింది. "అన్నయ్యా, మన పెరట్లో సర్కసు ఎప్పుడు దిగింది?"

"మీ ఆయన్ని అడుగు."

"ఆ దుప్పటి నా మంచి దుప్పటి. బొక్క కూడా పెట్టారు. లోపల ఉన్న జంతువుకి ఫలహారం అక్కడికే పంపాలా, బయటికొచ్చి తింటుందా?"

డేరాలోనుంచి "వస్తాను" అని ఒక గౌరవప్రదమైన కంఠం వినిపించింది.

రోజులు గడిచాయి. పిచ్చుక కూడా రాలేదు. చలి ముదిరితే తోకపిగిలి దారి పట్టి వెళ్ళిపోతుందని డాక్టరమ్మగారు ఫోను చేసి మరీ హెచ్చరించారు. బావగారికి జలుబు చేసింది. దుప్పటి అప్పుడప్పుడు తుమ్ముతున్నది.

ఒకరోజు మా చెల్లెలు నా పళ్ళెంలో వడ్డిస్తూ, "ఒక మాట అడుగుతాను చెప్పన్నయ్యా. స్నానాలగది గుమ్మానికి అడ్డంగా ఎవరో కుర్చీ వేసుకుని కూర్చుంటే, నువ్వైతే స్నానానికి వెళ్తావా?" అన్నది.

నాకు నవ్వు ఆగలేదు. "ఆ ముక్క ఆయనకి చెప్పవచ్చు కదే!"

"అడిగితే చెప్తాను. అడగమను."

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. బావగారు తన వృత్తిజీవితమంతా ప్రశ్నలు అడిగినవారే. కానీ తనకు తెలియదు కాబట్టి చెప్పమని ఎవరినీ అడగలేదు. నేను వెళ్ళి ఆయన చెవిన వేయవచ్చు. వేయలేదు. వంతెనకు బరువు ఎక్కడ పడాలో అక్కడే పడాలి.

ఆ సాయంత్రం సన్నగా చినుకులు మొదలయ్యాయి. నేను బల్ల దగ్గర ఉన్నాను. బావగారు తడిసిన జుట్టుతో, చేతిలో కెమెరాతో వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మా చెల్లెలు వెనక్కి తిరగలేదు.

"ఇదిగో" అన్నారు. గొంతు సవరించుకున్నారు. "నేను ఎక్కడ కూర్చోవాలి?"

మా చెల్లెలు చేస్తున్న పని ఆపింది.

"నువ్వు దాన్ని ఎక్కడ నుంచి చూశావో నిరుడు అడగలేదు. అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను" అన్నారు.

ఆమె తిరిగి ఆయనను తల నుంచి పాదాల వరకు చూసింది. "ముందు తల తుడుచుకోండి. ఆ డేరా పీకేయండి, దానికి అడ్డం. దుప్పటి ఇలా ఇవ్వండి, నానబెడతాను. రేపు బుద్ధిగా ఇంట్లో కూర్చోండి. గడ్డం చేసుకోండి, బైరాగిలా ఉన్నారు."

"మరి పిట్ట?"

"దాని సంగతి నేను చూస్తాను."

"చూస్తే?" ఆ ప్రశ్న అడగడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

"అప్పుడు చూద్దాం" అన్నది మా చెల్లెలు, తువ్వాలు ఆయన మీదికి విసిరి.

మరునాడు ఉదయం ఎండ కాసింది. నేను పత్రిక విప్పుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. నా మోచేతి పక్కనే బావగారి కెమెరా, మూత తీసి సిద్ధంగా ఉన్నది. ఆయన పక్కగదిలో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. నేను కావాలనే మనసులో చదువుకుంటున్నాను.

"ఏమండీ."

తొందర పిలుపు.

బావగారు సగం చెంపన నురగతో, కళ్ళజోడు లేకుండా, ఒక కాలికి మాత్రమే చెప్పుతో వచ్చారు. పరుగెత్తారని అనను, ఆయన పరుగెత్తరు. కానీ అంత వేగంగా నడిచిన మనిషిని నేను చూడలేదు. కెమెరాను రాసుకుంటూ వెళ్ళారు. ఆయన చొక్కా అంచు దాని పట్టీకి తగిలి పట్టీ ఊగింది. చూడనైనా చూడకుండా ఆయన వంటింటిలోకి మాయమయ్యారు.

నేను కెమెరా అందించాలా, నేనూ వెళ్ళి చూడాలా అని ఆలోచించి, కుర్చీ చప్పుడు కాకుండా లేచి చేరేసరికి తొట్టిలో నీరు ఇంకా కదులుతున్నది. పిట్ట లేదు. కిటికీ దగ్గర వారిద్దరు మాత్రం ఉన్నారు, భుజానికి భుజం ఆనించి. మా చెల్లెలి చెంపకు కూడా నురగ అంటింది.

ఆదివారం హాలులో బావగారు లేచి, "ఈ వ్యవహారంలో నేను కక్షిదారుణ్ణి. నేను విచారించకూడదు. ఇంజినీరు విచారిస్తాడు" అని ప్రకటించి, నేరుగా నా ఎదుటికి వచ్చి ముద్దాయిలా నిలబడ్డారు. నియమం ప్రకారం మా చెల్లెలిని తోటమాలుల గదిలోకి పంపించాను.

"పిట్ట ఎటు ఎగిరింది?" అని బావగారిని అడిగాను.

"గోడ వైపు."

"ఎన్నిసార్లు మునిగింది?"

"ఒక్కసారే."

"ఇంకేమైనా?"

"కంటి చుట్టూ నీలిరంగు వలయం" అన్నారు గంభీరంగా.

"మీ కళ్ళజోడు?"

"అద్దం దగ్గర ఉండిపోయింది" అన్నారు.

"మరి నీలం ఎలా కనిపించింది?"

"...ఆవిడ చెప్పింది."

"విన్నది సాక్ష్యం కాదు. కొట్టేస్తున్నాను" అన్నాను. నా జీవితంలో అంతటి ఆనందం బహుశా మొదటి వంతెన ప్రారంభించిన నాడు కలిగి ఉంటుంది. "తోకైనా మీరు చూశారా?"

"తోకకి కళ్ళజోడు ఎందుకోయ్! అంత పొడుగు. తెల్లగా. నీళ్ళలోంచి లేస్తుంటే..." ఆయన చేయి, నిరుడు మా చెల్లెలు తిప్పినట్టే గాలిలో తిరిగింది. ఆ సంగతి ఆయనకు తెలియలేదు.

"చివరి ప్రశ్న. కెమెరా బల్ల మీద ఉంది. మీరు దాన్ని రాసుకుంటూ వెళ్ళారు. ఎందుకు తీసుకోలేదు?"

బావగారు నన్ను, ఇదేమి ప్రశ్న అన్నట్టు చూశారు.

"పిలిచింది. వెళ్ళాను" అన్నారు.

ఆ తరువాత మా చెల్లెలిని పిలిచాను. పిట్ట నిమ్మచెట్టు వైపు ఎగిరిందన్నది. రెండుసార్లు మునిగిందన్నది. బావగారు చెప్పు ఉన్న కాలితో తన పాదం తొక్కారని, అది రికార్డులో ఉండాలని పట్టుబట్టింది.

"తొక్కలేదు!" అన్నారు బావగారు.

"తొక్కారు. చెప్పు గుర్తు ఇంకా ఉంది, చూపించనా?"

"ఇదిగో, తేడా పడ్డారు!" అని బూట్ల బాబాయి చప్పట్లు కొట్టాడు. "ఎవరూ నేర్పలేదండోయ్, నిజంగానే చూశారు!"

నేను తీర్పు చెప్పేలోగానే డాక్టరమ్మగారు చట్రం తెచ్చారు. నల్ల కాగితం బిగించి ముందే సిద్ధం చేసుకున్నారట. గుడ్లగూబ పక్కనే మేకు కొట్టాము. కింద చీటీ మీద పేర్లు ఎవరివి ముందు రాయాలని అడిగితే, మా చెల్లెలు భర్త వైపు చూసింది.

"అందులో ప్రశ్నేముంది? ఆమె మొదటి సాక్షి. నేను రెండో సాక్షిని" అన్నారు బావగారు. అని, తన చేతితోనే ఆ వరసలో రాశారు.

ఆ చట్రం నేటికీ ఖాళీగానే ఉన్నది. ఈ మధ్య దానిని తుడవడానికి వారం వారం బావగారే ముందుగా వస్తున్నారు. చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఇంట్లో పిలుపులు మాత్రం మితిమీరాయి. నిన్న ఉదయం ఒక వాదంలో నేను గెలిచే స్థితిలో ఉండగా, వంటింటిలోనుంచి "ఏమండీ" అని తీరిక పిలుపు వచ్చింది. బావగారు వాక్యం మధ్యలో వదిలేసి వెళ్ళారు. చాలాసేపటికి తిరిగి వచ్చారు.

"ఏమిటట?" అన్నాను.

"కాకి" అన్నారు ఆయన, ఎంతో తృప్తిగా కూర్చుంటూ. "స్నానం చేస్తోంది."